సమాధి రాయికి బూటు పాలిష్

ఈ రోజుల్లో మీకు కోపం వస్తే ఫోను తీసి ఒక్క నక్షత్రం ఇస్తారు. బిర్యానీలో ముక్కలు తగ్గితే ఒక నక్షత్రం, పార్సిలు గేటు దగ్గర పడేసి వెళ్తే ఒక నక్షత్రం. ఇచ్చాక మీ మనసు చల్లబడుతుంది. అమ్మినవాడి మనసు ఇంకా చల్లబడుతుంది. నక్షత్రం ఇచ్చి ఊరుకున్నవాడు కేసు దాకా రాడని వాడికి బాగా తెలుసు. నేను వినియోగదారుల కమిషన్‌లో బెంచ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను కాబట్టి, వచ్చిన ఆ కొద్దిమందినే చూశాను. కేసులు పిలవడం, దాఖలు చేసిన వస్తువులకు నంబర్లు వేయడం, వాయిదా అన్న ఒక్క మాటనే రకరకాల మర్యాదలతో చెప్పడం నా ఉద్యోగం.

మా వరండా గోడ మీద వినియోగదారుణ్ని మేలుకోమని చెప్పే పెద్ద పోస్టరు ఉండేది. సరిగ్గా దాని కిందే పొడుగు బెంచీ. వాయిదాలకు వచ్చిన వినియోగదారులు ఆ పోస్టరుకే తల ఆనించి హాయిగా నిద్రపోయేవారు. ఎవరి కేసు పిలిచినా మా అటెండరు వెళ్లి భుజం తట్టి లేపాలి. ఆ లెక్కన మా ఆఫీసులో ప్రభుత్వ ఆశయాన్ని అక్షరాలా అమలు చేసిన మనిషి అతనొక్కడే.

ఆ అటెండరుకు ఇంకో విద్య కూడా ఉంది. మనిషి మెట్లెక్కుతుండగానే చేతిలో సంచి చూసి కేసు ఏమిటో చెప్పేసేవాడు. ఎండిపోయిన మిరప మొక్క తెస్తే విత్తనాల కేసు. ఎక్స్‌రే కవరైతే ఆసుపత్రి కేసు. పెళ్లి ఆల్బమైతే ఫొటోగ్రాఫరు మీద కేసు, వధువు తరఫు వాళ్లెవరూ ఫొటోల్లో పడలేదని. ఒక రోజు ఒకామె వట్టి చేతులతో వచ్చి నిలబడితే అతని విద్య పనిచేయలేదు.

"వస్తువు తేలేదంటే ఇల్లో పొలమో అయ్యుంటది సార్" అన్నాడు.

ఆమె అంగన్‌వాడీలో ఆయా. భర్త మార్టూరు దగ్గర రాళ్లు పాలిష్ చేసే యూనిట్లో పనిచేసి, ఆ దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై పోయాడు. ఫిర్యాదు ఏ వస్తువు మీద అని అడిగాను.

"రాయండి. నల్ల గ్రానైట్ రాయి."

"ఏదీ, ఎక్కడుంది?"

"మా ఆయన మీదుందండి" అంది. అటెండరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "మా ఊరి సమాధుల తోటలో. నల్లరాయని అమ్మారు. రెండు వానలకి బూడిద రంగుకొచ్చింది."

కూర్చోబెట్టి మొత్తం విన్నాను. భర్త పోయాక పనిచేసిన యూనిట్ వాళ్లు, తోటి పనివాళ్లు ఒక ముక్క ఊరికే ఇస్తామన్నారట. ఊరికే వచ్చింది ఆయన తల దగ్గర పెట్టనని, కూలి డబ్బులు కూడబెట్టుకుని రోడ్డు మీద పెద్ద షాపుకు వెళ్లింది. షాపాయన నిగనిగలాడే నల్లరాయి చూపించి, దానిమీద పేరు చెక్కించి, మేస్త్రీని పంపి నిలబెట్టించాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. తర్వాత వానలు పడ్డాయి. రాయి ముందు మచ్చలుగా, ఆ తర్వాత మొత్తంగా తెల్లబోయింది. అది అసలు నల్లరాయే కాదు, బూడిద రంగు రాయికి నల్లరంగు పట్టించి అమ్మారు. మన ప్రాంతంలో జుట్టుకు రంగేసుకునేవాళ్లు తక్కువేమీ కాదు గాని, రాళ్లకు కూడా ఆ ముచ్చట తీరుస్తున్నారని నాకు అప్పుడే తెలిసింది.

"షాపాయన దగ్గరికి వెళ్లారా?"

"వెళ్లానండి. బోర్డు చూపించాడు."

ఆ బోర్డు మీకూ తెలుసు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. మన షాపుల్లో దేవుడి పటానికి దండ వేయడం మర్చిపోయినా ఆ బోర్డు తుడవడం మర్చిపోరు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆ వాక్యం షాపువాడు తన ధైర్యం కోసం రాసుకున్న మంత్రం. లోపమున్న సరుకు విషయంలో అది చెల్లదు. తీసుకోనని మొండికేయడమే చట్టం దృష్టిలో తప్పు. ఈ సంగతి షాపువాడికి తెలుసు. మీకు తెలియదనే నమ్మకం మీదే ఆ బోర్డు నిలబడి ఉంటుంది.

ఇంత చిన్న కొనుగోలుకు ఫీజు కూడా అక్కర్లేదని, వకీలు లేకుండా తనే మాట్లాడుకోవచ్చని, షాపు ఎక్కడున్నా తను ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చని ఆమెకు చెప్పాను. ఆమె అనుమానంగా చూసింది.

"ఊరికే చేస్తారా అండీ?"

"ఊరికే చేస్తామమ్మా. అందుకే ఆలస్యంగా చేస్తాం."

"ఆలస్యమైతే ఎట్టాగండీ? సమాధుల పండక్కి ఆయనతో పనిచేసినోళ్లందరూ వస్తారు. రాళ్ల మధ్యనే బతికినోళ్లు, చూడంగానే పసిగడతారు. రాయి పని చేసినోడి తల కాడ రంగేసిన రాయి పెట్టిందని నవ్వుకుంటే నేను తట్టుకోలేను."

ఆమెకు కావలసింది నష్టపరిహారం కాదు. పండుగ నాటికి అక్కడ నిజమైన నల్లరాయి ఉండాలి, అంతే. నా సర్వీసులో ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. ఫ్రిజ్ చల్లబడలేదని వచ్చినాయన కూడా మనోవేదన కింద ఇంకో ఫ్రిజ్ ఖరీదు కలిపి అడిగేవాడు.

కేసు మొదలైంది. షాపాయన ఒక వకీలును పెట్టుకున్నాడు. గట్టి వకీలు. మొదటి వాయిదాలో, తన క్లయింటు ఇచ్చింది బిల్లు కాదు, ఎస్టిమేటు చీటీ మాత్రమే అన్నాడు. డబ్బు ఫోనులో చెల్లించినట్టు ఆమె చూపించేసరికి, అది కొన్నందుకు కాదు, అభిమానంతో పంపి ఉండవచ్చు అన్నాడు. రెండో వాయిదాలో ఎండకూ వానకూ తన క్లయింటు బాధ్యుడు కాదన్నాడు.

"సమాధి రాయి ఎండావానల్లో కాక ఇంకెక్కడ ఉంటుందండీ, బీరువాలోనా?" అని అడిగారు మా బెంచీలోని మహిళా సభ్యురాలు.

మూడో వాయిదాలో అతను తన అసలు అస్త్రం తీశాడు. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఈ వస్తువును వాస్తవంగా ఉపయోగించుకుంటున్నది ఫిర్యాదుదారు కాదు, ఆమె దివంగత భర్త. కనుక వినియోగదారుడు ఆయన. ఆయన నుంచి ఇంతవరకు ఏ ఫిర్యాదూ అందలేదు."

మా కమిషన్ ప్రెసిడెంటుగారు నవ్వని మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆయనకు నోటీసు పంపమంటారా? అడ్రసు మీ క్లయింటుకే బాగా తెలుసు, రాయి నిలబెట్టింది ఆయనే కదా" అన్నారు. డబ్బు పెట్టి కొన్న మనిషే వినియోగదారు, ఆమె అనుమతితో వాడుకునేవాళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఈ చిన్న విషయం ఒప్పుకోవడానికి వకీలుగారికి ఒక పూట పట్టింది. ఫీజు పూటకింత అని మాట్లాడుకుని ఉంటాడు.

రాయికి రంగు వేశారని తేలాలంటే పరీక్ష చేయించాలి. ప్రయోగశాలను అడిగితే పాలు, ఎరువులు, పప్పులు పరీక్షిస్తాం గాని సమాధులు పరీక్షించం అన్నారు. చివరికి బెంచీ వాళ్లు ఒక యువ న్యాయవాదిని కమిషనరుగా వేసి, వెళ్లి చూసి రమ్మన్నారు. జరిగింది జరిగినట్టు రాయడానికి తోడుగా నన్ను పంపారు. బయలుదేరే ముందు మహిళా సభ్యురాలు పిలిచి, "గోళ్ల రంగు తుడిచే మందు ఒక సీసా, తెల్లటి దూది పట్టుకెళ్లండి. రాయిది సొంత రంగైతే కదలదు, పూసిన రంగైతే దూదికి వస్తుంది" అన్నారు. ఆ సీసా కోసం నేను ఫాన్సీ షాపుకు వెళ్లాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి గోళ్ల రంగు మందు అడిగితే కౌంటరులో అమ్మాయి ఎలా చూస్తుందో మీరు ఊహించుకోవచ్చు. బిల్లు మాత్రం అడిగి తీసుకున్నాను. ఆ అమ్మాయి ఇంకోలా చూసింది.

తనిఖీకి కుదిరిన రోజు పండుగకు ముందు రోజు. సమాధుల తోట పత్తి చేల పక్కన. పండుగ కాబట్టి ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. సున్నాలు వేసేవాళ్లు, గడ్డి పీకేవాళ్లు, సిలువలకు రంగులు వేసేవాళ్లు. చనిపోయినవాళ్ల ఇళ్లకు ఏటేటా చేసే మరమ్మతు అది. షాపాయన, వకీలు మాకంటే ముందే వచ్చి ఉన్నారు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఎందుకో దగ్గరికి వెళ్లాక అర్థమైంది.

రాయి నల్లగా ఉంది. మామూలు నలుపు కాదు, వంగితే మన ముఖం కనిపించే నలుపు.

"చూడండి సార్, కళ్లారా చూడండి" అన్నాడు షాపాయన. "దీని మీదా కేసు? నా పరువేం కావాలి?"

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్కన ఆమె మరిది, ముప్పై ఏళ్ల మనిషి, మిరప కోతల కూలీ, కొత్త చొక్కా వేసుకుని గర్వంగా నిలబడి ఉన్నాడు. కమిషనరు సీసా మూత తీసి, దూది తడిపి రాయి మీద రుద్దాడు. దూది నల్లబడింది. ఒక్క క్షణం నా ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు వకీలు వంగి దూది వాసన చూశాడు.

"ఇది బూటు పాలిష్" అన్నాడు.

అందరం మరిది వైపు చూశాం. అబద్ధం చెప్పడం చేతకాని వంశంలా ఉంది. "అవునండి. రెండు డబ్బాలు పట్టింది. పైన కొబ్బరినూనె కూడా రాశా" అన్నాడు.

"నిన్నెవడు పుయ్యమన్నాడురా?" అంది ఆమె. "ఇన్నాళ్లు తిరిగి తిరిగి ఇయ్యాల తీసుకొచ్చాను వీళ్లని. ఆ బూడిద రంగు చూపిద్దామనే గదరా తెచ్చింది."

"ఆఫీసర్లు వస్తన్నారంటివి గదా వదినా. రేపు పండగ. అందరి రాళ్లూ మెరుస్తుంటే అన్న రాయి ఒక్కటే అట్టా ఎలిసిపోయి ఉంటే చూడలేకపోయా" అన్నాడు అతను. అంత మనిషీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకుని నలుపుతున్నాడు.

నేను ఎన్నో సాక్ష్యాలు పాడవడం చూశాను. కావాలని కాల్చేసినవి, ఎలుకలు కొట్టినవి. ప్రేమతో పాలిష్ పెట్టి నాశనం చేసిన సాక్ష్యం అదొక్కటే. ఆఫీసరు వస్తున్నాడంటే చూపించాల్సిన గోతిని కూడా పూడ్చి ముగ్గు పెట్టే అలవాటు మనది. రోడ్డు బాగాలేదని అర్జీ పెట్టి, కలెక్టరు వచ్చే రోజున మనమే మట్టి పోసి చదును చేస్తాం. అతన్ని తిట్టాలనిపించింది, కాని తిట్టలేకపోయాను. నాకు నిజంగా బాధేసింది.

వకీలు అప్పుడే రాయించడం మొదలుపెట్టాడు. "రాయి నల్లగా, మెరుస్తూ ఉన్నట్టు రాసుకోండి. రంగు పూసింది ఫిర్యాదుదారు బంధువేనని ఒప్పుకున్నట్టు కూడా రాసుకోండి."

రాసుకున్నాను. రాయకపోతే ఎలా, జరిగింది అదే.

షాపాయన అక్కడితో నోరు మూసుకుని కారెక్కి ఉంటే ఈ కథ నేను మీకు చెప్పేవాణ్ని కాదు. కాని గెలిచిన మనిషి నాలుగు మాటలు మాట్లాడకుండా ఉండలేడు. రాయి మీద అరచేత్తో తట్టి, "మాది కక్కుర్తి పని కాదు సార్. చూడండి, ఇసుమంత కదులుద్దేమో. అందరిలాగా పైపైన అతికించలా. జానెడు లోపలికి దించి సిమెంటు పోయించా" అన్నాడు.

కుర్ర కమిషనరు దూది జేబులో పెట్టుకోబోయేవాడల్లా ఆగాడు. "జానెడు లోపలికా?"

"జానెడు పైనే."

"పాలిష్ చేసిన ముఖమే లోపలికీ వెళ్లిందా?"

"రాయంతా ఒకటే పాలిష్ గదా సార్. లోపల ఒకటి, బయట ఒకటి చేసే మనిషిని కాను."

"అయితే సిమెంటు లోపలికి బూటు పాలిష్ వెళ్లి ఉండదు" అన్నాడు కమిషనరు.

వకీలు తన క్లయింటు వైపు చూసిన చూపు నేను రికార్డులో రాయలేదు. రాయడానికి వీలు లేదు.

ప్రార్థన చేసి నిలబెట్టిన రాయి కాబట్టి ఊరికే తవ్వకూడదన్నారు ఊరివాళ్లు. పాస్టరుగారిని పిలిపించారు. ఆయన విషయం విని, చిన్న ప్రార్థన చేసి, "సత్యం కోసం తవ్వుతున్నారు, తవ్వనీయండి" అన్నారు. సున్నం వేస్తున్న మేస్త్రీ ఒకాయన సుత్తి, ఉలి తెచ్చి రాయి మొదలు దగ్గర సిమెంటు జాగ్రత్తగా కొట్టాడు. చుట్టూ జనం మూగారు. పెచ్చులు ఊడాక, నేల లోపల దాగిన భాగం బయటపడింది. వానా ఎండా తగలని చోటు కదా, నల్లగానే ఉంది. కమిషనరు కొత్త దూది తీసి వకీలుకు వాసన చూపించి మరీ తడిపి రుద్దాడు. దూది నల్లబడింది. రుద్దిన చోట రాయి బూడిద రంగులో నవ్వుతూ కనిపించింది.

"మీ దూదిలోనే ఏదో ఉంది" అన్నాడు షాపాయన.

"మీ చేతిరుమాలుతో మీరే తుడవండి" అన్నాడు కమిషనరు. షాపాయన చేతిరుమాలు జేబులోంచి బయటికి రాలేదు. ఇంతకుముందే చెమట తుడుచుకోవడానికి వచ్చింది గాని, ఇప్పుడు దొరకలేదట.

మరునాటి పండుగకు ఆ రాయి అలాగే, మొదలు దగ్గర సిమెంటు పగిలిపోయి, బూటు పాలిష్‌తో నిలబడి ఉంది. భర్త తోటివాళ్లు రానే వచ్చారట. చూడగానే పసిగట్టారట. కాని ఎవరూ నవ్వలేదని ఆమె తర్వాత చెప్పింది. వాళ్లలో పెద్దాయన రాయి మీద చెయ్యి పెట్టి, "ఈ నా కొడుకుల్ని ఒదలొద్దమ్మా" అని మాత్రం అన్నాడట.

తీర్పు వచ్చింది. అసలైన నల్లరాయి పేరు చెక్కించి ఉచితంగా నిలబెట్టాలి, ఆమె పడ్డ ఇబ్బందికి పరిహారం ఇవ్వాలి, ఆమె పాత రాయిని షాపుకు తిరిగి ఇచ్చేయాలి. ఆ ఆఖరి షరతు వకీలు పట్టుబట్టి వేయించుకున్నది. వస్తువు మార్చి ఇచ్చినప్పుడు పాతది వెనక్కి ఇవ్వడం న్యాయమే, మేము కాదనలేదు. అంత పరువు పోయిన మనిషికి ఆ పాత రాయి మీద అంత ప్రేమ ఎందుకో కూడా అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

కొత్త రాయి నిలబెట్టే రోజున ఆమె పిలిస్తే సెలవు పెట్టి వెళ్లాను. అటెండరు కూడా వచ్చాడు. భర్తతో పనిచేసిన నలుగురు కొత్త రాయిని అటూ ఇటూ తిప్పి, తడిపి, గీకి, రుద్ది చూశారు. అందులో ఒకాయన అయితే నాలుకతో రుచి చూస్తాడేమో అని భయపడ్డాను. చివరికి అందరూ తలూపారు. రాయి లేచింది, ప్రార్థన అయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

పాత రాయిని తీసుకెళ్లడానికి షాపాయన ట్రాలీ ఆటోతో వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. గడ్డి మీద పడుకోబెట్టిన రాయిని ఎత్తబోతూ ఆటో డ్రైవరు తన తోటివాడితో మామూలుగా అన్నాడు, "అంచులు జాగ్రత్తరోయ్. పాత పేరు అరగదీసి, మళ్లీ రంగు పట్టిచ్చి ఇంకోళ్లకి అమ్ముతారంట, ఇరిగితే పనికిరాదు."

ఆమె ఏడుపు ఆగింది.

"ఆగండి" అని వచ్చి, "దాన్ని బోర్లా తిప్పండి" అంది మరిదితో. పేరున్న వైపు నేలకు వచ్చేలా అతను తిప్పాడు. మేస్త్రీ దగ్గర పెద్ద సుత్తి తీసుకుంది. అంగన్‌వాడీలో గంజి కలిపే చేతులు, అయినా రాళ్ల మనిషితో కాపురం చేసినామె. ఎక్కడ కొట్టాలో వంగి చూసుకుంది. మొదటి దెబ్బకు కాలేదు. మూడో నాలుగో దెబ్బకు రాయి పగిలింది.

షాపాయన పరుగెత్తుకొచ్చాడు. "ఇదేందమ్మా? రాయి తిరిగిమ్మని కోర్టు చెప్పలా?"

"ఇస్తన్నాగా. ఎన్ని ముక్కలుగా ఇయ్యాలో చెప్పలేదు."

అతను నా వైపు తిరిగాడు. "సార్, మీరు కోర్టు మనిషి. చెప్పండి."

నేను కోర్టు మనిషినే. ఆ తీర్పు నకలు తీసి ముద్ర వేసింది నేనే. పక్షపాతం లేకుండా నిజమే చెప్పాను. "రాయి ఏ ఆకారంలో ఉండాలన్న షరతు తీర్పులో లేదండి."

ఆమె ముక్కల్ని మళ్లీ వెల్లకిలా తిప్పించింది. పేరు పగల్లేదు, ఒక ముక్క మీద మొత్తంగా ఉండిపోయింది. ఆ ముక్కను కాలితో కాకుండా, రెండు చేతులతో పక్కకు జరిపింది.

"మిగతావి రాళ్లు, మీవి. తీసుకెళ్లండి" అంది. "ఇది మా ఆయన పేరు. మీరు నాకు అమ్మింది కాదు."

నేను ఉద్యోగంలో ఎన్నో తీర్పులకు ముద్రలు వేశాను. ప్రతి తీర్పూ మోసపోయిన మనిషికే న్యాయం చేసింది. తర్వాత మోసపోబోయే మనిషి ఎవరో మాకు తెలియదు, మా ఫైళ్లలో అతనికి నంబరు ఉండదు. ఆ ఎండలో సుత్తి పట్టుకుని నిలబడ్డ ఆమె మాత్రం ఆ మనిషి కోసం కూడా తీర్పు చెప్పేసింది. ఆమెను చూసి నాకు గర్వంగా అనిపించింది, కొంచెం సిగ్గుగానూ అనిపించింది. ఆటోవాడు ముక్కలు ఒక్కొక్కటే ఎత్తి ట్రాలీలో పడేస్తుంటే, ఆమె మరిది వెళ్లి చెయ్యి వేసి ఎక్కించాడు.